అయ్యగారి మడత సైకిలు

మా అయ్యగారు పోయారన్న కబురు నాకు మధ్యాహ్నం బడిలో అందింది. ఆయన కన్నుమూసింది తెల్లవారుజామున. నంద్యాల ఆ చివర నుంచి ఈ చివరకు సైకిలు మీద ఎంత దూరమని? కబురు చెప్పమని పంపిన మనిషికి దారిలో టైరు పంచరైందట. పంచరు వేసేవాడు టిఫినుకు పోయాడట. వాడు వచ్చేదాకా ఈయన అక్కడే బల్ల మీద కూర్చుని ఒక కునుకు తీశాడట. "ఏమనుకోవాకండి సార్, లేటయింది" అన్నాడు. ఏమనుకుంటాను? అయ్యగారికి సంబంధించినది ఏది మాత్రం టైముకు జరిగింది గనక! ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు పూర్తి కాకుండానే ఏడుపొచ్చింది. పిల్లలు చూస్తున్నారని బోర్డు వైపు తిరిగి, చెరిపేసిన బోర్డునే మళ్ళీ చెరుపుతూ నిలబడ్డాను.

ఆయన మా సంఘానికి పాస్టరు. నాకు రక్తసంబంధం ఏమీ కాదు. మా అమ్మ ఆసుపత్రిలో పోయిన రోజు నేను వరండాలో కూర్చుని ఉంటే, గడివేములలో ఎవరిదో నిశ్చితార్థం జరిపించడానికి బయల్దేరిన అయ్యగారు నన్ను చూసి ఆగారు. "ఎవురి పిల్లోడివప్పా?" అని అడిగారు. నేను చెప్పలేదు. చెప్పడానికి నాకు మిగిలిన పేరు లేదు, నాయన అంతకుముందే పోయాడు. ఆయన పక్కన కూర్చున్నారు. అక్కడ గడివేములలో వాళ్ళు పొద్దుగూకేదాకా ఎదురుచూసి, బాగా తిట్టుకుని, ఉంగరాలు వాళ్ళే మార్చుకున్నారట. అయ్యగారు నన్ను ఇంటికి తీసుకుపోయి అమ్మగారితో "ఇంగో కంచం పెట్టు" అన్నారు. అమ్మగారు ఎవరు ఏమిటని అడగకుండా పెట్టింది. నాకు పెళ్ళయ్యేదాకా ఆ కంచం ఆ ఇంట్లోనే ఉండింది.

ఇదంతా చెప్పి, ఆయన దయామయుడు, త్యాగమూర్తి అని రాసుకుంటూ పోవచ్చు. మా ఇంటామె ఒప్పుకోలేదు. "అవన్నీ సమాధి రాయి మీద చెక్కిస్తారులే. నువ్వు సైకిలు సంగతి రాయి. ఆ సైకిలు లేకుంటే మనకు పెండ్లి యాడిది?" అంది. ఆమె చెప్పింది నిజం గనక సైకిలు సంగతే రాస్తున్నాను.

అయ్యగారికి ఒక జబ్బుండేది. ఎవరైనా పిలిస్తే ఆగుతారు. పిలవకపోయినా, మొహం చూసి పిలుస్తారేమోనని ఆగుతారు. ఇంటి నుంచి చర్చికి నాలుగు అడుగుల దూరం. ఆ నాలుగు అడుగుల్లో ఒకరి గేదె ఈనిందో లేదో కనుక్కోవాలి, ఒకరి అల్లుడు అలక మానాడో లేదో కనుక్కోవాలి, ఒకరింట్లో ఉగ్గాణి వేడిగా ఉంటే రుచి చూడాలి. ఆరాధన ఎనిమిదికి అంటే మేము తొమ్మిదిన్నరకు తలస్నానం మొదలుపెట్టేవాళ్ళం. మా వీధిలో ఎవరైనా ఆలస్యంగా వస్తే "ఏమప్పా, అయ్యగారి గడియారమా నీది?" అనేవారు. అమ్మగారు ఒక ఉపాయం చేసి ప్రతిదానికీ గంట ముందు టైము చెప్పేది. ఆయన అది కనిపెట్టి, ఇంకా గంట ఉందిలే అని ఇంకొక ఇంట్లో కూర్చునేవారు. గట్టిగా అడిగితే మాత్రం, "పిలిచినోణ్ణి దాటుకోని పోయి, పోయిన చోట ఏం వాక్యం చెప్తామురా?" అనేవారు.

ఊళ్ళో అయితే సరే. ఆయనకు ఉయ్యాలవాడ వైపు, గడివేముల వైపు, ఆళ్లగడ్డ అవతలా చిన్న చిన్న సంఘాలుండేవి. ఒక్కో వారం ఒక్కో వైపు. బస్సు రోడ్డు మీద దింపేస్తుంది. అక్కడి నుంచి లోపలికి మట్టిదోవన నడక. ఆ రోజుల్లోనే, ఆసుపత్రిలో పనిచేసిన దొరసాని డాక్టరమ్మ తమ దేశానికి వెళ్ళిపోతూ సామాను పంచిపెట్టింది. ఒకరికి కుట్టుమిషను, ఒకరికి అద్దాల అలమర. అయ్యగారికి మడిచే సైకిలు.

అటువంటిది నంద్యాలలో ఎవరూ చూడలేదు. నడుమ దగ్గర ఒక మర ఉంటుంది. అది విప్పితే సైకిలు రెండుగా మడుచుకుని చక్రం పక్కన చక్రం చేరుతుంది. సీటు కిందికి దిగుతుంది, హ్యాండిలు వంగుతుంది. చంకలో పెట్టుకుని బస్సెక్కి సీటు కింద తోసేయొచ్చు. ఏ వారం ఏ బస్సెక్కినా అది వెంట వస్తుంది. అయ్యగారు చర్చి ముందర సంఘమంతటినీ నిలబెట్టి మడిచి చూపించారు. మొదటిసారి వేలు ఇరుక్కుంది. రెండోసారి అంగీ ఇరుక్కుంది. మూడోసారి అందరం చప్పట్లు కొట్టాం.

చిక్కంతా చక్రాలతో వచ్చింది. అవి దోసె పెనం కంటే కొంచెం పెద్దవి. అయ్యగారేమో గుమ్మాలకు తల వంచి నడిచే మనిషి. ఆయన ఆ సైకిలెక్కితే మోకాళ్ళు చెవులకు తగిలేవి. ఎదురుగా శెట్టి అంగడి ముసలాయన చూసి, "మా వినాయకుడు ఎలక మీద పోతాంటే ఇన్నాళ్ళూ నమ్మకం కుదరలేదు, ఇప్పుడు కుదిరింది" అన్నాడు. అయ్యగారు అందరికంటే ఎక్కువ నవ్వారు. కానీ నల్లరేగడి నేలలో బండి చక్రాలు తీసిన గాడి ఉంటుంది చూడండి, ఈ చిన్న చక్రం అందులోకి దిగిందంటే అంతే, మళ్ళీ పైకి రాదు. వాన పడిందంటే చక్రానికి మట్టి చుట్టుకుని రొట్టె అయిపోయేది. దోవలో కొంతదూరం సైకిలు మీద అయ్యగారు, కొంతదూరం అయ్యగారి మీద సైకిలు.

దానితో ఆయనకు ఒక మంచి సాకు దొరికింది. ఎక్కడికి ఆలస్యంగా వెళ్ళినా "చక్రాలు చిన్నవప్పా, ఎంత తొక్కినా ముందుకు పోదు" అనేవారు. మేమూ నమ్మాం. ఆయన కూడా మనస్ఫూర్తిగా నమ్మారు.

ఇప్పుడు నా సంగతి. ఆళ్లగడ్డ అవతలి ఊరి సంఘంలో ఒక అమ్మాయి ఉండేది. ప్రార్థన కూటాలకు నంద్యాల వచ్చినప్పుడు చూశాను. ఆమె పాట పాడుతుంటే నేను పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నానట. నాకు తెలియదు గానీ అయ్యగారు చూశారు. ఒక రోజు అన్నం తింటూ, "ఆ పిల్ల నాయన మిలిటరీలో చేసొచ్చినాడు. మనిషి మంచోడే గాని, ముల్లు మీద నడుస్తాడు" అన్నారు. ఏ ముల్లని అడిగాను. "గడియారం ముల్లు" అన్నారు.

పిల్లనడగడానికి ఇద్దరం కలిసి వెళ్ళాం. తొమ్మిదికి వస్తామని చెప్పించారు. మేము చేరేసరికి ఆ ఇంటివాళ్ళు మధ్యాహ్నం భోజనాలు ముగించి చేతులు కడుక్కుంటున్నారు. పిల్ల నాయన, అంటే ఇప్పుడు మా మామ, అరుగు మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఆ ఇంట్లో ఎద్దులు కూడా టైముకే నీళ్ళు తాగుతాయని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు.

"ఎన్నింటికి వస్తామంటిరి అయ్యగారూ?"

"తొమ్మిదికి."

"ఇప్పుడెంతయింది?"

"ఆకలైతాంది గాబట్టి ఒంటిగంటుంటాది" అన్నారు అయ్యగారు. ఎవరూ నవ్వలేదు.

మా మామకు పాత కోపం ఒకటుంది. ఆయన పెద్దకూతురి పెళ్ళికి అయ్యగారు దీపాలు పెట్టే వేళకు చేరుకున్నారు. అప్పటికి చుట్టాలు సగం మంది వెళ్ళిపోయారు, వేటకూర పులిసిపోయింది. అది మనసులో పెట్టుకుని మా మామ నన్ను కింది నుంచి పైకి చూశాడు. "పిల్లోనికి అమ్మా నాయనా లేరు. సెంటు భూమి లేదు. పిల్లనిస్తే మీ మాట మీద ఇయ్యాల. మీ మాటకేమో టైము లేదు. టైము లేని మాట మాటెట్లయితాది?"

మధ్యవర్తి ఒకాయన, పెళ్ళికి వేరే పాస్టరును పిలిపిస్తే పోతుంది గదా అన్నాడు. మా మామ తల అడ్డంగా ఊపాడు. "పెండ్లి చేసేదానికి ఎవురైనా చేస్తారు. ఈ పిల్లోనికి పెద్దదిక్కు ఈయనొక్కడే గదా. పెండ్లికే టైముకు రాని పెద్దదిక్కు, రేపు నా కూతురికి కష్టమొస్తే ఎప్పుడొస్తాడు?" అయ్యగారి మొహంలో నవ్వు పోయింది. మా మామ తీర్పు చెప్పేశాడు. "పెండ్లి పదకొండుకు. పదకొండు గొట్టేలోపల మీరు నా పందిట్లోకి రావాల. వస్తే పిల్లనిస్తా. రాకుంటే వచ్చిన చుట్టాలకు అన్నం పెట్టి పంపిస్తా, నా కూతుర్ని ఇంట్లోకి తోలుకోని పోతా."

తిరుగుదోవన అయ్యగారు సైకిలు దిగి నడిచారు. కొంతదూరం పోయాక ఆ చక్రాలను వంగి చూశారు. తరువాత, "లాభం లేదురా. చక్రాలు మార్పించాల" అన్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అవును, చక్రాలు మారిస్తే అన్నీ చక్కబడతాయి. ప్రేమలో ఉన్నవాడి బుద్ధి అంతే ఉంటుంది లెండి.

సైకిలు షాపు బాషా భాయ్‌కి తనంతటి మెకానిక్కు కర్నూలు జిల్లాలో లేడని నమ్మకం. ఆ మాట తనే చెప్పుకునేవాడు. సైకిలును తలకిందులుగా పెట్టి, నాలుగు వైపులా తిరిగి చూసి, "ఫికర్ చేయాకండి అయ్యగారూ. దీనికి గుర్రం కాళ్ళు పెడతా" అన్నాడు. ముందు ఒక్క కాలే పెట్టాడు. ముందరి పక్క పాత పెద్ద సైకిలు చక్రం, దాన్ని పట్టుకునే ఇనప చీలికతో సహా బిగించి, వెనక చిన్నదే ఉంచాడు. అయ్యగారు ఎక్కి కూర్చుంటే ముందు భాగం పైకి లేచి, ఆయన వెల్లకిలా వాలిపోయారు. అట్లాగే వీధి చివరిదాకా తొక్కి, తిరిగి వచ్చి, "పరలోకం బాగా కనపడతాంది బాషా. దోవ మాత్రం కనపడ్డంలేదు" అన్నారు.

బాషా పట్టు వదలలేదు. పిల్లల సైకిలు చక్రాలు ఒక జత సంపాదించాడు. పెనం కంటే పెద్దవి, మామూలు సైకిలు చక్రం కంటే చిన్నవి. ముందర వాటికి సరిపోయే చీలిక వేశాడు. వెనక చక్రం పట్టే గొట్టాలు చాలకపోతే వెల్డింగు షాపుకు తీసుకుపోయి ముక్కలు అతికించాడు. చైను చాలలేదు, ఇంకో ముక్క కలిపాడు. నేను బడి వదలగానే రోజూ పోయి చూసేవాడిని. నా పెళ్ళి అక్కడ బల్ల మీద నట్లూ బోల్టులుగా విప్పి పెట్టి ఉన్నట్టే అనిపించేది.

అన్నీ బిగించాక మడిస్తే మడవలేదు. పెద్ద చక్రాలు ఒకదానికొకటి అడ్డం వచ్చి, సగం తెరిచిన పుస్తకంలాగా నిలబడింది. మడవకపోతే బస్సులో కండక్టరు ఊరుకోడు. ఇక బాషా, అయ్యగారు, నేను, దారిన పోయేవాళ్ళు, అందరి ధ్యాసా మడత మీదే. ఇటు తిప్పు, అటు తిప్పు, పెడలు ఊడదీయి, తాడుతో కట్టు. ఆ గొడవలో ఒక చిన్న సంగతి అందరం మరిచిపోయాం. పాత చక్రాలకు సరిపోయిన బ్రేకు రబ్బర్లు కొత్త చక్రాల రిమ్ముకు అందలేదు, పుల్లల్లో ఇరుక్కుంటున్నాయి. బాషా వాటిని ఊడదీసి, తరువాత చూద్దాంలే అని డబ్బాలో వేశాడు. ఆ డబ్బా బల్ల కిందికి పోయింది.

బ్రేకుల్లేవని ఎవరికీ తెలియకపోవడం ఎట్లాగని మీరడగవచ్చు. అయ్యగారు ఆ సైకిలుకు ఎన్నడూ బ్రేకు పట్టలేదు. చిన్న సైకిలు, పొడుగు మనిషి. ఆగాలనుకుంటే రెండు కాళ్ళూ నేల మీద ఆనించేవారు, అంతే. అదీగాక మా నంద్యాలలో సైకిలు తొక్కేవాడు బ్రేకు పట్టడం అప్పట్లో మర్యాద కాదు. గంట కొడతాడు, ఎదుటివాడే జరగాలి.

పెళ్ళికి ముందురోజే వచ్చి మా మామ ఊళ్ళో పడుకుంటానని అయ్యగారు మాటిచ్చారు. ఆ సాయంత్రం బయల్దేరుతుంటే ఒక ముసలమ్మకు జబ్బు ముదిరిందని పిలుపొచ్చింది. ఇంకేముంది, ఆగిపోయారు. నేనూ నా స్నేహితులూ ముందే వెళ్ళిపోయాం. తెల్లవారుజామున అయ్యగారు షాపు దగ్గరకు పోతే, బాషా సైకిలు సిద్ధంగా పెట్టి, తన వంతు పెళ్ళి కానుకగా సీటు జానెడు పైకి లేపి బిగించాడట. "పెండ్లికి పోతాండారు. మోకాళ్ళు చెవులకు తగిలితే ఏం బాగుంటాది?" అన్నాడట. అట్లా అయ్యగారి కాళ్ళు నేలకు అందకుండా పోయాయి.

పెళ్ళిరోజు నేను పందిట్లో కొత్త సూటులో ఉడికిపోతూ కూర్చున్నాను. చిన్న చర్చి ముందు తాటాకు పందిరి, నడుమ దోవ వదిలి రెండు పక్కలా చాపలు. పందిరి ఎదురుగా మిట్ట. ఆళ్లగడ్డ నుంచి వచ్చే దోవ ఆ మిట్ట ఎక్కి, నేరుగా పందిట్లోకే దిగుతుంది. మా మామ దోవకు ఎదురుగా కుర్చీ వేసుకుని, ఒకసారి మిట్టను, ఒకసారి చేతిగడియారాన్ని చూస్తున్నాడు. ఇంట్లో పెళ్ళికూతురు తయారై కూర్చుంది. పదిన్నర దాటింది. నా స్నేహితుడొకడు, "బస్సు దొరకలేదేమో" అన్నాడు. ఇంకొకడు, "దొరికింటాది, దాంట్లో ఎవురో పలకరించింటారు" అన్నాడు. వాణ్ణి కొట్టాలనిపించింది. అమ్మా నాయనా లేనివాడికి పెళ్ళి కూడా ఉండదని రాసిపెట్టి ఉందేమో అనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

మా మామ లేచి నిలబడ్డాడు. "ఇంగ రెండు నిమిషాలు" అన్నాడు. ఆ గొంతులో సంతోషమేమీ లేదు, అది కూడా చెప్పాలి.

అప్పుడు మిట్ట మీద దుమ్ము లేచింది. దుమ్ములో తెల్లగా ఏదో కనపడింది. అయ్యగారు టైము కలిసొస్తుందని ఆరాధనకు వేసే తెల్ల నిలువుటంగీ ఇంట్లోనే తొడుక్కుని బయల్దేరారు. గాలికి ఆ అంగీ గుడారంలాగా ఉబ్బి ఉంది. గంట ఆగకుండా మోగుతోంది. పందిరంతా లేచి చప్పట్లు కొట్టింది. సగం దిగాక ఆయన అరుపు వినపడింది.

"జరగండప్పా! జరగండి! ఇది నిలబడ్డంలేదు!"

జనం రెండు వైపులా దూకారు. అయ్యగారు ఈ చివర పందిట్లోకి వచ్చారు, చాపల మధ్య దోవన నా ముందు నుంచి పోయారు. పోతూ పోతూ నా వైపు చూసి "వచ్చినాన్రా" అన్నారు. ఆ చివర బయటికి వెళ్ళిపోయారు. అవతల మా మామ జొన్నచొప్ప వామి ఉంది. సైకిలు, అయ్యగారు, అంగీ, మొత్తం అందులోకి పోయి మాయమయ్యాయి. గంట మాత్రం లోపలి నుంచి ఇంకో రెండుసార్లు మోగింది.

మేము పరుగెత్తి కాళ్ళు పట్టుకుని బయటికి లాగాం. ఒంటికేమీ కాలేదు. తలనిండా చొప్ప. ఆయన మొదట అడిగింది టైమే. మా మామ గడియారం చూసి, అబద్ధమాడలేక, "ఇంగా ఒక నిమిషముండాది" అన్నాడు.

"అయితే పదకొండులోపల నేను నీ పందిట్లోకి వచ్చినట్లే గదా?"

"వచ్చినారు. వచ్చి, పోయినారు."

"పోగూడదని నువ్వు చెప్పలేదే!"

"పెండ్లికి రమ్మంటే పందిట్లో దూరి పందిట్లో నుంచి పోయేది రావడమెట్లయితాది అయ్యగారూ? పిట్ట కూడా వచ్చి పోయింది పొద్దున!"

ఆ వాదన ఎటు తేలేదో గానీ, ఇంట్లో నుంచి నవ్వు వినపడింది. ఆపుకోలేని నవ్వు. పెళ్ళికూతురు వాకిట్లోకే వచ్చేసింది, పైట నోటికడ్డం పెట్టుకుని. "నాయనా, నేను కిటికీలోంచి చూసినా. వచ్చినాడు. ఆయన మాట నిలబెట్టుకున్యాడు. ఇంగ నువ్వు నిలబెట్టుకో" అని, ఎవరూ పిలవకుండానే వచ్చి పందిట్లో నిలబడింది. నేను గబగబా వెళ్ళి పక్కన నిలబడ్డాను. మా మామ కూతురి మొహం చూశాడు. "చొప్ప దులుపుకోండి అయ్యగారూ" అన్నాడు చివరికి. అట్లా నాకు పెళ్ళయింది. కొన్ని చొప్పపుల్లలు ప్రమాణాల మధ్యలో కూడా రాలాయి.

అసలు సంగతి భోజనాల వేళకు బాషా భాయ్ ఎద్దులబండిలో దిగాక తెలిసింది. అయ్యగారితో పాటే బస్సెక్కాడు. సగం మడిచిన సైకిలును అమ్మగారి దుప్పటిలో చుట్టి ఎక్కించారట. పెడలు బయటికి పొడుచుకుని ఉంది. కండక్టరు చూసి, "సామానంటారు, దానికి కాళ్ళుండాయే! శవాలు ఎక్కించగూడదు అయ్యగారూ" అన్నాడట. ముందు సీట్లో ముసలామె ఎవరు పోయారో అడక్కుండానే ఏడుపు అందుకుందట. దుప్పటి విప్పి చూపించాక సైకిలును బస్సు పైకి ఎక్కించారు. ఆళ్లగడ్డలో దిగాక, విగ్రహాలు చెక్కే కొట్టం ముందు పెద్ద రాయి మీద నిలబడి అయ్యగారు సైకిలెక్కారు. చెక్కే ఆయనొకడు పట్టుకుని ఒక తోపు తోశాడు. అంతే.

"దోవ పొడుగునా నన్ను నిలబెట్టి తిడతాండారప్పా" అన్నాడు బాషా. "పాస్టరయ్యకు మా మీద కోపమేంది, పిలుస్తాంటే నిలబడకుండా పోయినాడు అని."

అప్పుడు నాకు అర్థమైంది. కాళ్ళు నేలకందవు, బ్రేకులు లేవు, దిగితే మళ్ళీ ఎక్కడానికి రాయి లేదు. ఆయన జీవితంలో మొదటిసారి ఎవరు పిలిచినా ఆగలేదు. అందుకే టైముకు వచ్చారు. చక్రాల మహిమ ఏమీ లేదు, పాపం.

ఆ పూట అయ్యగారు సరిగ్గా తినలేదు. దెబ్బ తగిలిందేమోనని అడిగాను. "మజ్జిగ కుండ దించి పెట్టుకోని ఒకామె నిలబడుండాదిరా. చేయెత్తింది. ఆమె కొడుకు పోయినేడు పోయినాడు. ఆమెను దాటుకోని వచ్చినా" అన్నారు. మరుసటి ఆదివారం నడుచుకుంటూ వెళ్ళి, పిలిచిన ప్రతి ఒక్కరి దగ్గరా ఆగి, కోపం లేదని చెప్పి, మజ్జిగ తాగి, ఉదయం ఆరాధనకు సాయంత్రం చేరారు. ఆ వారమే బాషా కొత్త బ్రేకులు బిగించాడు. మంచి బ్రేకులు. ఆ తరువాత అయ్యగారు ఎక్కడికీ టైముకు పోలేదు.

ఆయనకూ మా మామకూ వాదన మాత్రం ఏళ్ళ తరబడి సాగింది. పండగకో, పిల్లల బాప్తిస్మానికో కలిస్తే చాలు, "ఆ పొద్దు నేను టైముకొచ్చినానా లేదా?" అని ఈయన. "వచ్చి పోయినారు" అని ఆయన. మా పెద్దవాడు ఇప్పుడు పదో తరగతి. వాడికి కూడా ఆ వాదన రెండు పక్కలా కంఠతా వచ్చు. కానీ మా ఇంటామెకు రెండో కాన్పు కష్టమైనప్పుడు, ఎవరూ పిలవకముందే ఆసుపత్రి వాకిట్లో నిలబడి ఉన్నది అయ్యగారే. మా మామ బస్సు దిగి వచ్చి ఆయనను అక్కడ చూశాడు. పక్కన కూర్చున్నాడు.

అయ్యగారి మట్టికార్యం ఆయన పోయిన మరుసటి రోజు సాయంత్రం నాలుగింటికి పెట్టారు. కొత్త పాస్టరు చిన్నవాడు, క్రమం తెలిసినవాడు, సరిగ్గా నాలుగింటికి మొదలుపెట్టాడు. మా మామ రాలేదు. జన్మలో దేనికీ ఆలస్యం కాని మనిషి. మా ఇంటామె గేటు వైపే చూస్తోంది. "నాయనకు ఏమన్నా అయిందేమో" అని ఒకటే గొణుగుడు. పాటలయ్యాయి, వాక్యమయింది. పెట్టె దించారు. కొత్త పాస్టరు నా వైపు చూశాడు. ఇంకొంచెం ఆగండి సార్ అన్నాను. ఆగాడు. మళ్ళీ చూశాడు. ఇక మట్టి వేద్దామని అందరం ముందుకు జరిగాం.

అప్పుడు ట్రాక్టరు చప్పుడు వినపడింది. సమాధుల తోట గేటు ముందు ఆగింది. ఇంజను పక్క రేకు మీద నుంచి మా మామ దిగాడు, తలపాగా నిండా దుమ్ము. వంగిన నడుముతో నేరుగా గుంట దగ్గరికి వచ్చాడు.

"ఇంత లేటయిందేం మామా?" అన్నాను.

ఆయన చేతిగడియారం చూసుకోలేదు. "ఏం జేసేదప్పా. పొద్దున్నే బయల్దేరినా. దోవలో కనపడినోళ్ళంతా యాడికి పోతాండావని పిలుస్తాంటిరి. అయ్యగారు పోయినాడంటే, నిలుపు మేమూ వస్తామంటిరి. ఎట్ల నిలపకుండా వచ్చేది?" అని, గుంటలోకి చూసి, "లేటైనాను అయ్యగారూ" అన్నాడు.

మేము వెనక్కి తిరిగి చూశాం. ట్రాలీ తలుపు దించారు. జనం దిగుతున్నారు. ముసలివాళ్ళను చంకల కింద పట్టి దించుతున్నారు, చంటిపిల్లలను ఒకరి చేతుల్లోంచి ఒకరు అందుకుంటున్నారు. గొర్రెల కాపరి ఒకడు భుజం మీద కంబళితోనే దిగాడు. కొందరు చేలలో నుంచి అట్లాగే వచ్చినట్టున్నారు, కాళ్ళకు నల్లమట్టి ఆరలేదు. కొత్త పాస్టరు పుస్తకం మూసి పట్టుకున్నాడు. గుంట తవ్వినవాళ్ళు పారలు నేలకానించి, వాటి మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. ట్రాలీలో నుంచి ఇంకా దిగుతూనే ఉన్నారు.